మూత లేని కప్పులో వేడి లెక్క

సందేహాలు – సమాధానాలు

రసాయన చర్యలో వెలువడే వేడిని తరగతి గదిలో ఎలా కొలవవచ్చునో కిందటి సంచికలో క్లుప్తంగా రాసిన తరువాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాయలసీమ నుంచే వచ్చాయి. వాటిలో ఐదింటిని ఈసారి తీసుకున్నాం. మొదటి ఉత్తరానికి జవాబు దీర్ఘమైంది; తక్కిన ఉత్తరాల్లో అడిగినవాటికి సగం సమాధానం అందులోనే ఉన్నందువల్ల దానిని కుదించలేదు.

ప్రశ్న: నేను ఆదోనిలో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాను. ప్రయోగశాలలో 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మిల్లీలీటర్లు ఒక థర్మోకోల్ కప్పులో తీసుకొని, దానిలో 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం 50 మిల్లీలీటర్లు పోసి కలిపాను. ఆమ్లం ఉష్ణోగ్రత 34.0 డిగ్రీలు, కలిపిన తరువాత కనిపించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 39.8 డిగ్రీలు. లెక్క వేస్తే తటస్థీకరణోష్ణం మోలుకు 48.5 కిలోజౌళ్ళు వచ్చింది. పుస్తకంలో 57.3 అని ఉంది. పక్క బల్ల మీద చేసిన నా స్నేహితురాలు రికార్డులో 57.1 అని రాస్తే పూర్తి మార్కులు వేశారు. నా తప్పు ఎక్కడ ఉందో తెలియజేయగలరు.
– ఒక విద్యార్థిని, ఆదోని

జవాబు: తక్కిన పాఠకుల కోసం ముందుగా ఒక మాట: ఆమ్లం, క్షారం కలిసి ఒక మోలు నీరు ఏర్పడేటప్పుడు వెలువడే వేడిని తటస్థీకరణోష్ణం అంటారు; మోలు అంటే అణువుల సంఖ్యను బట్టి పదార్థాన్ని కొలిచే ప్రమాణం, లీటరు ద్రావణంలో ఒక మోలు ఉంటే అది 1 మోలార్. మీ గుణకారంలో తప్పు లేదు. కలిపిన తరువాత కప్పులో ఉన్నది 100 మిల్లీలీటర్ల ద్రావణం. దాని బరువును 100 గ్రాములుగానూ, విశిష్టోష్ణాన్ని (ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన వేడిని) నీటికున్నట్లే 4.18 జౌళ్ళుగానూ తీసుకొని 5.8 డిగ్రీల పెరుగుదలతో గుణిస్తే 2,424 జౌళ్ళు వస్తాయి. చర్యలో పాల్గొన్నది ఆమ్లమైనా క్షారమైనా 0.05 మోలు కనుక, మోలుకు 48.5 కిలోజౌళ్ళు. వేడిని వెలువరించే ఉష్ణమోచక చర్య కాబట్టి ఎంథాల్పీ (పదార్థంలోని వేడి నిల్వ) మార్పుగా రాసేటప్పుడు ముందు ఋణ గుర్తు పెట్టాలి. ద్రావణాన్ని నీటితో సమానంగా భావించడం వల్ల ఏమైనా ప్రమాదం వచ్చిందా అంటే, పెద్దగా రాలేదు: చర్య ముగిశాక కప్పులో ఉండే అర మోలార్ ఉప్పునీటి సాంద్రత నీటికంటే సుమారు రెండు శాతం ఎక్కువ, విశిష్టోష్ణం సుమారు మూడు శాతం తక్కువ, ఆ రెండూ చాలావరకు ఒకదానినొకటి కొట్టివేస్తాయి.

మీ స్నేహితురాలి 57.1 విషయానికి వస్తే, సాధారణ పరికరాలతో ఆ అంకె రావడం అసాధ్యమని అనను. కానీ అది కప్పులోంచి కాక పుస్తకంలోంచి వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. నేను పనిచేసిన ఒక కళాశాలలో ఒక ఏడాది ఇదే ప్రయోగానికి అరవై రికార్డులు దిద్దవలసి వచ్చింది. దాదాపు అన్నింటిలోనూ సమాధానం దశాంశ స్థానంతో సహా ఒక్కటే. ఆ రోజు ప్రయోగశాలలో సరిగా పనిచేసిన థర్మామీటర్లు తొమ్మిది. మార్కులు వేసే పని ఇప్పుడు నా చేతిలో లేదు గానీ, ఉంటే మీ 48.5 కే ఎక్కువ వేసేవాణ్ణి. ఎందుకంటే అందులో తగ్గిన ఎనిమిది, తొమ్మిది కిలోజౌళ్ళు ఎటు పోయాయో వెతకవచ్చు. కాపీ కొట్టిన అంకెలో వెతకడానికి ఏమీ ఉండదు.

వెతకడం తొలి ఉష్ణోగ్రతతో మొదలుపెట్టాలి. మీరు ఆమ్లం ఉష్ణోగ్రతను మాత్రమే రాశారు. క్షారం సీసా వేరే చోట, నేల మీదనో కిటికీ పక్కనో ఉండి ఉండవచ్చు. సోడియం హైడ్రాక్సైడ్‌ను అప్పుడే నీటిలో కరిగించి ఉంటే ద్రావణం వెచ్చగా ఉంటుంది. ముందు రోజు తయారుచేసి నాపరాళ్ళ నేల మీద పెట్టి ఉంటే గది గాలికంటే చల్లగా ఉంటుంది. రెండింటి ఉష్ణోగ్రతలనూ విడివిడిగా చూసి, పరిమాణాలు సమానమైతే సగటును తొలి ఉష్ణోగ్రతగా తీసుకోవాలి. మధ్యలో థర్మామీటరును కడిగి తుడవాలి. తుడవకుండా ఆమ్లంలోంచి తీసి క్షారంలో పెడితే అంటుకున్న చుక్క అక్కడే చర్య మొదలుపెడుతుంది. మీ క్షారం 33.4 డిగ్రీల వద్ద ఉందనుకుంటే సగటు 33.7 అవుతుంది, పెరుగుదల 5.8 కాక 6.1 అవుతుంది. ఆరు డిగ్రీల పెరుగుదలలో 0.3 అంటే ఇరవయ్యోవంతు.

ఇక అసలు దొంగ గురించి చెప్పాలి. మీరు కప్పు గురించి రాశారు, మూత గురించి రాయలేదు. మూత పెట్టలేదనే అనుకుంటున్నాను. పైన పంకా తిరుగుతూ ఉండి ఉంటుందని కూడా ఊహిస్తున్నాను. 40 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ళు కావాలి. మీరు మొత్తం చర్యకు లెక్కగట్టిన వేడి కూడా ఇంచుమించు అంతే. అంటే కప్పులోంచి ఒక్క గ్రాము నీరు గాలిలో కలిసిపోతే, మీరు కొలవబోయినంత వేడి చప్పుడు లేకుండా వెళ్ళిపోయినట్టు. డ్రాపరుతో లెక్కిస్తే మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు. ఆ లెక్కన రెండు చుక్కల నీరు ఆవిరైతేనే పదోవంతు వేడి పోతుంది. మచిలీపట్నంలో చెమట ఒక పట్టాన ఆరదు గానీ, ఆదోనిలో ఫిబ్రవరి దాటాక ఆరవేసిన చీర అరగంటలో గలగలలాడుతుంది. మట్టికుండలో నీళ్ళను చల్లబరిచే పొడిగాలే మీ కప్పు మీద కూడా పనిచేస్తుంది. కుండకు అది మేలు, కప్పుకు కీడు. కప్పు గోడల మందం గురించి పుస్తకాలు చాలా రాస్తాయి. మన ప్రాంతంలో గోడకంటే మూత ముఖ్యమని నా అనుభవం. థర్మామీటరుకు ఒక రంధ్రం, కలిపే పుల్లకు ఒక రంధ్రం తప్ప మూతలో మరే ఖాళీ ఉండకూడదు. ప్రయోగం జరిగినంతసేపూ పంకా ఆపివేయాలి. ఉక్కపోత భరించక తప్పదు.

మూత పెట్టినా కొంత వేడి కారిపోతూనే ఉంటుంది. థర్మామీటరులో పాదరసం పైకి ఎక్కడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ క్షణాల్లోనే ద్రావణం చల్లబడడం కూడా మొదలవుతుంది. కనుక మీకు కనిపించిన గరిష్ఠ ఉష్ణోగ్రత, అసలు చేరవలసిన ఉష్ణోగ్రతకంటే కొంచెం తక్కువే. దీనికి గ్రాఫు కాగితం ఉంది. కలపడానికి ముందు మూడు నిమిషాలపాటు అర నిమిషానికొకసారి ఉష్ణోగ్రత రాసుకోండి. నాలుగో నిమిషంలో ఒక్క పోతతో కలిపి మూత పెట్టండి. ఆ తరువాత పన్నెండో నిమిషం వరకు రీడింగులు తీయండి. నిలువుగా ఉష్ణోగ్రతను, అడ్డంగా కాలాన్ని గుర్తిస్తే చల్లబడే బిందువులు దాదాపు ఒక వాలు గీత మీద పడతాయి. ఆ గీతను వెనక్కి, కలిపిన నాలుగో నిమిషం దాకా పొడిగిస్తే, వేడి ఏమాత్రం పోకుండా ఉంటే ఎంత ఉష్ణోగ్రత ఉండేదో అది చూపుతుంది. మీ 39.8 ఆ విధంగా 40.0 అయి ఉండేదని అనుకోవడం అత్యాశ కాదు.

కప్పు, థర్మామీటరు, కలిపే పుల్ల కూడా ఊరికే ఉండవు. ద్రావణంతోపాటు అవీ వేడెక్కుతాయి. వాటి వాటాను ఎలా కనుక్కోవాలో కింద రెండో జవాబులో ఉంది. ప్రస్తుతానికి ఆ వాటా డిగ్రీకి 20 జౌళ్ళు అనుకుంటే, ద్రావణం వాటా 418 తో కలిపి మొత్తం 438 జౌళ్ళు. ఇప్పుడు 33.7 నుంచి 40.0 వరకు 6.3 డిగ్రీల పెరుగుదలను 438 తో గుణించండి: 2,759 జౌళ్ళు. మోలుకు 55.2 కిలోజౌళ్ళు. నేను ఊహించిన అంకెలు మీ ప్రయోగశాలలో వేరుగా ఉండవచ్చు, కానీ 48.5 కి, 55.2 కి మధ్య ఉన్న దూరమంతా ఇలాంటి చిన్న చిన్న చిల్లుల్లోంచే పోయిందని చూపడానికి ఇవి చాలు.

మరొక చిల్లు గాఢతలో ఉంది. సోడియం హైడ్రాక్సైడ్ పలుకులు సీసా మూత తీసిన క్షణం నుంచే గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి. త్రాసులో 4 గ్రాములు తూచినా అందులో అసలు సోడియం హైడ్రాక్సైడ్ 3.8 గ్రాములే ఉండవచ్చు. అప్పుడు సీసా మీద 1 మోలార్ అని రాసినా లోపల ఉన్నది 0.95 మోలార్. చర్యలో పాల్గొన్న మోళ్ళు తగ్గిపోతాయి, మీరు మాత్రం 0.05 తోనే భాగిస్తారు. గాఢత కచ్చితంగా తెలిసిన ఆక్సాలిక్ ఆమ్లంతో పోల్చి కొలిచే అంశమాపనం చేసి అసలు గాఢత కనుక్కున్నాకే ఈ ప్రయోగం మొదలుపెట్టడం మంచిది. అంశమాపనం ఎలాగూ మీ పాఠ్యక్రమంలో ఉన్నదే.

చివరిగా, పుస్తకంలోని 57.3 గురించి. అది పాత పుస్తకాల్లోని 13.7 కిలోకేలరీలకు కిలోజౌళ్ళలో మారురూపం. అతి పలుచని ద్రావణాలకు 25 డిగ్రీల వద్ద ఈ విలువ 55.8 మాత్రమే. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ ఇది డిగ్రీకి సుమారు 0.2 కిలోజౌలు చొప్పున తగ్గుతుంది. కాబట్టి 20 డిగ్రీల చల్లని గదిలో 57 కి చేరువగానూ, 35 డిగ్రీల గదిలో 54 కి కొంచెం తక్కువగానూ ఉంటుంది. చర్యోష్ణం ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో చెప్పే కిర్కాఫ్ సమీకరణం మీ పుస్తకంలోనే ఉంటుంది, దానిని ఇక్కడ వాడి చూడండి. మీరు వాడినది అతి పలుచని ద్రావణం కాదు, 1 మోలార్. దానివల్ల ఒకటి, ఒకటిన్నర కిలోజౌళ్ళు పైకి జరుగుతుంది. ఇవన్నీ చేర్చి చూస్తే ఆదోనిలో 34 డిగ్రీల గదిలో జాగ్రత్తగా చేసిన ప్రయోగానికి రావలసిన సమాధానం 55 చుట్టుపక్కల. అంటే ఆ రోజు ఆ గదిలో 57.1 నిజంగానే వచ్చి ఉంటే, వివరణ ఇచ్చుకోవలసింది మీరు కాదు, మీ స్నేహితురాలు.

ప్రశ్న: ప్రొద్దుటూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాలు బోధిస్తున్నాను. మాకు వేడిని కొలిచే కెలోరీమీటరు లేదు. థర్మోకోల్ కప్పులు ఇప్పుడు దుకాణాల్లో దొరకడం లేదు. స్టీలు గ్లాసుతో చేయించవచ్చునా? పరికరం పీల్చుకునే వేడిని పిల్లలచేత ఎలా లెక్కకట్టించాలి?
– ఒక ఉపాధ్యాయుడు, కడప జిల్లా

జవాబు: ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ కప్పులను 2022 జూలై 1 నుంచి నిషేధించిన తరువాత ఈ ఇబ్బంది చాలా పాఠశాలలకు వచ్చింది. టీ అంగట్లో ఇచ్చే కాగితం కప్పులు రెండింటిని ఒకదానిలో ఒకటి పెట్టి, వాటిని ఒక పెద్ద ప్లాస్టిక్ మగ్గులో నిలబెట్టి, చుట్టూ ఉన్న ఖాళీలో దూదిని గానీ వేరుసెనగ పొట్టును గానీ వదులుగా కూరితే తరగతి గదికి సరిపోయే కెలోరీమీటరు అవుతుంది. పొట్టును గట్టిగా కూరకూడదు. వేడిని ఆపేది పొట్టు కాదు, దాని మధ్య చిక్కుకున్న గాలి. కొత్త ఫ్రిజ్జో టీవీయో కొన్నవారి ఇంట్లో పెట్టెతోపాటు వచ్చిన థర్మోకోల్ పలకలు అటక మీద ఉంటాయి. మూతకు వాటికి మించినది లేదు.

స్టీలు గ్లాసు యూరియా, నవాసాగరం వంటి వాటిని నీటిలో కరిగించే ప్రయోగాలకు పనికివస్తుంది గానీ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి వాడవద్దు, స్టీలును అది తింటుంది. అల్యూమినియం పాత్రలో సోడియం హైడ్రాక్సైడ్ పోయడం మరీ ప్రమాదం: లోహం కరిగి హైడ్రోజన్ వెలువడుతుంది, పైగా ఆ చర్య వేడి మీ లెక్కలో కలిసిపోతుంది. వేడి విషయంలోనూ స్టీలుకు ఒక లోపం ఉంది. 60 గ్రాముల స్టీలు గ్లాసు డిగ్రీకి సుమారు 30 జౌళ్ళు పీల్చుకుంటుంది, తేలికైన కాగితం కప్పు అందులో చిన్న భాగమే తీసుకుంటుంది.

పరికరం వాటా కనుక్కోవడానికి రసాయనాలు అక్కరలేదు, నీళ్ళు చాలు. మీ కప్పులో గది ఉష్ణోగ్రత వద్ద 50 గ్రాముల నీరు పోసి, రెండు నిమిషాలు ఆగి, ఉష్ణోగ్రత రాయించండి; 32.0 అనుకుందాం. వేరే పాత్రలో వేడిచేసిన 50 గ్రాముల నీటి ఉష్ణోగ్రతను పోయబోయే ముందు చూడండి, 52.0 అనుకుందాం. పోసి, మూత పెట్టి, కలిపితే అది సరిగ్గా మధ్యన 42.0 దగ్గర ఆగాలి కదా అని పిల్లలు అంటారు. ఆగదు. 41.6 దగ్గర ఆగిందనుకోండి. వేడినీరు 10.4 డిగ్రీలు దిగి 2,174 జౌళ్ళు ఇచ్చింది, చన్నీరు 9.6 డిగ్రీలు ఎక్కి 2,006 జౌళ్ళు తీసుకుంది. మిగిలిన 168 జౌళ్ళూ కప్పు, థర్మామీటరు, పుల్ల కలిసి 9.6 డిగ్రీలు ఎక్కడానికి పోయాయి. భాగిస్తే డిగ్రీకి 17.5 జౌళ్ళు. ఆ 42.0 కి, 41.6 కి మధ్యనున్న తేడాను పిల్లలు కళ్ళారా చూడడమే ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. మూడుసార్లు చేయించి సగటు తీసుకోండి. ఒకసారికి ఒకసారికి ఐదారు జౌళ్ళ తేడా వస్తే కంగారు పడనక్కరలేదు.

గది వేడిని అడ్డుకోవడమనే ఈ తంటా పరికరం పుట్టినప్పటి నుంచీ ఉంది. ఫ్రెంచి శాస్త్రవేత్తలు లావోయిజే, లాప్లాస్ 1782–83 శీతాకాలంలో పారిస్‌లో చేసిన ప్రయోగాల్లో చర్య జరిగే గది చుట్టూ మంచుగడ్డలు పేర్చి, కరిగి కారిన నీటిని తూచి వేడిని లెక్కకట్టారు. బయటి గాలి వేడికి ఆ మంచు కరగకుండా దాని చుట్టూ మరొక మంచు పొర పెట్టారు. మీ మగ్గులోని వేరుసెనగ పొట్టు చేసే పని ఆ రెండో పొర చేసిన పనే. ప్రొద్దుటూరు మే నెలలో వారి పరికరం ఎంతసేపు నిలిచేదో ఊహించడం కష్టం కాదు.

ప్రశ్న: ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరుతో ఈ ప్రయోగం చేయవచ్చునా? అందులో పదోవంతు డిగ్రీ కూడా కనిపిస్తుంది కదా!
– ఒక విద్యార్థి, కడప

జవాబు: చేయకూడదు. పాదరసం ఉన్న జ్వరం థర్మామీటరు సుమారు 35 నుంచి 42 డిగ్రీల వరకే చూపుతుంది. అంతకు మించిన వేడి తగిలితే పగులుతుంది. పైగా దాని గొంతు దగ్గర ఉన్న నొక్కు వల్ల ఎక్కిన పాదరసం విదిలిస్తే తప్ప దిగదు, కాబట్టి చల్లబడే గీత గీయడం కుదరదు. పదోవంతు డిగ్రీ గీతలున్న ప్రయోగశాల థర్మామీటరు దొరికితే సరే. ఒక డిగ్రీ గీతలున్నదే గతి అయితే గాఢత పెంచి ఉష్ణోగ్రత మార్పును పెద్దది చేసుకోవడం తెలివైన పని.

ప్రశ్న: కళ్యాణదుర్గం ప్రాంతంలో వేరుసెనగ సాగు చేస్తున్నాను. యూరియాను పిచికారీ కోసం బకెట్లో కలిపేటప్పుడు నీళ్ళు చేతికి జిల్లుమంటాయి. సున్నం నీళ్ళలో వేస్తే వేడి, యూరియా వేస్తే చలి, ఇది ఎందుకు? మీరు చెప్పే కప్పుతో ఈ చలిని కూడా కొలవవచ్చునా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: కొలవవచ్చును, తరగతి గదిలో మొదటి ప్రయోగంగా నేనైతే దీనినే పెట్టిస్తాను, ఎందుకంటే ఆమ్లాలతో పని లేదు, సరుకు ప్రతి పల్లెలోనూ ఉంది.

యూరియా పలుకులో అణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. వాటిని విడదీయడానికి వేడి కావాలి. విడిపోయిన అణువులను నీటి అణువులు చుట్టుముట్టేటప్పుడు కొంత వేడి తిరిగి వస్తుంది. యూరియాలో తిరిగి వచ్చేది తక్కువ, ఖర్చయ్యేది ఎక్కువ. ఆ లోటును నీరు తన వేడిలోంచి పూరిస్తుంది కాబట్టి నీరు చల్లబడుతుంది. దీనిని ఉష్ణగ్రాహక ప్రక్రియ అంటారు. ఇక్కడ కొత్త పదార్థమేదీ పుట్టలేదు, నీరు ఇంకిపోతే యూరియా యూరియాగానే మిగులుతుంది. సున్నం సంగతి అలా కాదు, అక్కడ నిజంగానే చర్య జరుగుతుంది.

యూరియా మోలు బరువు 60 గ్రాములు. అది కరగడానికి తీసుకునే వేడి సుమారు 15 కిలోజౌళ్ళు. కాబట్టి కప్పులో 100 మిల్లీలీటర్ల నీటిలో 6 గ్రాములు వేసి కలిపితే ఉష్ణోగ్రత మూడు డిగ్రీలకు పైగా పడిపోవాలి. పలుకులను ముందే పొడి చేసి, గదిలో నీటి పక్కనే కాసేపు ఉంచి, ఆ తరువాత వేయాలి. పెద్ద పలుకులు నిదానంగా కరుగుతూ ఉంటే ఈలోగా గది వేడి కప్పులోకి చొరబడి చలిని తగ్గించి చూపుతుంది. బస్తాలో వచ్చే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది కాబట్టి నీరు కొంచెం మసకగా కనిపించవచ్చు. కొలతకు అది అడ్డు కాదు.

బకెట్లో జిల్లుమన్నది పిచికారీ ట్యాంకులో ఎందుకు తెలియదో కూడా ఇదే లెక్క చెబుతుంది. రెండు శాతం ద్రావణానికి 15 లీటర్ల ట్యాంకులో 300 గ్రాములు పడుతుంది, అంటే 5 మోళ్ళు, 75 కిలోజౌళ్ళు. 15 లీటర్ల నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికే 63 కిలోజౌళ్ళు పోతాయి కాబట్టి ట్యాంకులో తేడా ఒక డిగ్రీ పైచిలుకు మాత్రమే. అదే 300 గ్రాములను మీరు ముందుగా రెండు లీటర్ల నీటిలో కలిపారు కాబట్టి చేతికి తెలిసింది. చలి రెండుచోట్లా ఒక్కటే. పంచుకున్న నీరు వేరు.

ప్రశ్న: మా తాతగారి కాలంలో సున్నపుబట్టీ ఉండేది. సున్నం తడిపేటప్పుడు గుంతలో నీళ్ళు కుతకుతలాడేవని, ఆ ఉడుకును చూసే సరుకు మంచిదో కాదో చెప్పేవారని మా నాన్నగారు అంటారు. అంత వేడి ఎక్కడి నుంచి వస్తుంది? ఉడుకును చూసి సరుకు నాణ్యత చెప్పడంలో శాస్త్రం ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పూర్తిగా ఉంది. బట్టీలోంచి తీసిన పొడిసున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్, నీటితో చర్య జరిపి తడిసున్నంగా మారేటప్పుడు మోలుకు సుమారు 65 కిలోజౌళ్ళు వెలువడతాయి. మోలు బరువు 56 గ్రాములు కనుక కిలో మంచి సున్నానికి ఇది సుమారు 1,160 కిలోజౌళ్ళు. మూడు లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరుగు దాకా తీసుకురావడానికి 880 కిలోజౌళ్ళు సరిపోతాయి. మీ గుంతలో నీళ్ళు ఉడకడంలో వింత లేదు.

రాయి సరిగా కాలకపోతే లోపల సున్నపురాయి సున్నపురాయిగానే మిగిలిపోతుంది, అది నీటితో వేడెక్కదు. బట్టీ నుంచి తెచ్చి చాలా రోజులు గాలికి వదిలేసిన సున్నం అప్పటికే తేమ పీల్చుకొని ఉంటుంది, అదీ వేడెక్కదు. కాబట్టి ఎంత వేడెక్కితే అంత అసలు సరుకు ఉన్నట్టు. మీ తాతగారు కంటితో చేసిన ఈ పరీక్షను కప్పుతో అంకెల్లో పెట్టవచ్చు. కప్పులో 100 గ్రాముల నీరు పోసి, మెత్తగా పొడి చేసిన 2 గ్రాముల సున్నం వేసి, మూత పెట్టి కలుపుతూ ఉండండి. పూర్తిగా శుద్ధమైనదైతే, డిగ్రీకి 20 జౌళ్ళు పీల్చుకునే కప్పులో, ఉష్ణోగ్రత సుమారు 5.3 డిగ్రీలు పెరగాలి, 4.2 డిగ్రీలే పెరిగితే ఆ సరుకులో ఎనభై శాతమే పనికివచ్చే సున్నమని అర్థం. ఈ చర్య ఆమ్లక్షారాల చర్యలా క్షణంలో పూర్తికాదు, కొన్ని నిమిషాలు సాగుతుంది; పైన చెప్పిన గ్రాఫు లేకుండా దీనిని చేయడం వృథా. రెండు గ్రాములకు మించి ఎక్కువ వేయవద్దు, నీటిని సున్నం మీద పోయవద్దు. సున్నాన్నే నీటిలో వేయాలి. కళ్ళద్దాలు తప్పనిసరి, సున్నపు తుంపర కంట్లో పడితే చూపు పోవచ్చు.

ఆ వేడి ఎక్కడిదని అడిగారు. బట్టీదే. సున్నపురాయిని కాల్చి పొడిసున్నంగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొట్టడానికి మోలుకు సుమారు 178 కిలోజౌళ్ళు ఇవ్వాలి. కట్టెలు గానీ బొగ్గు గానీ ఆ వేడిని ఇచ్చాయి. తడిపినప్పుడు అందులో 65 తిరిగి వస్తుంది. గోడకు కొట్టిన తరువాత తడిసున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది కనుక, బేలం గుహల్లోని రాయి ఏ పదార్థమో మీ పాత ఇంటి గోడ మీది పూత కూడా చివరకు అదే పదార్థం. బయలుదేరిన చోటికే వచ్చి చేరాం కాబట్టి ఇచ్చిన వేడికి, వచ్చిన వేడికి లెక్క సరిపోవాలి. చర్య ఎన్ని మెట్లలో జరిగినా మొత్తం వేడి మారదని రసాయన శాస్త్రజ్ఞుడు హెస్ 1840లో చెప్పిన సూత్రం ఇదే. మిగిలిన 113 కిలోజౌళ్ళూ గోడ మీద నెలల తరబడి, మందపాటి గోడల్లో ఏళ్ళ తరబడి, తడిసున్నం రాయిగా మారుతున్నంత కాలం వెలువడుతూ ఉంటాయి. దానిని పట్టగల థర్మామీటరు మీ దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. 178 లోంచి 65 తీసివేసి తెలుసుకోవలసిందే.